పెట్టె మీద లేని పేరు

ఈ కాలమ్‌లో ఇప్పటిదాకా ఇయర్‌బడ్స్ చూశాం, ఎయిర్ ఫ్రయర్ చూశాం, చార్జింగ్ పెట్టమని రోజూ ఏడిపించే వాచీ కూడా చూశాం. ఈ వారం బొమ్మ. అవును, ఆడుకునే బొమ్మే. పండగ సెలవులయ్యాక స్టాండప్ మీటింగ్‌లో "ఏం చేశావ్?" అని మేనేజర్ అడిగితే, ఇరవై ఎనిమిదేళ్ళొచ్చి "బొమ్మ లెహంగా చూశాను" అని చెప్పలేక "రివ్యూ చేశాను" అన్నాను. అబద్ధమైతే కాదుగా!

ముందు స్పెసిఫికేషన్లు

బొమ్మ పేరు బార్బీ సిగ్నేచర్ దీపావళి డాల్. 2024 అక్టోబర్‌లో, దీపావళికి ముందు మ్యాటెల్ కంపెనీ విడుదల చేసింది. బట్టలు డిజైన్ చేసింది ముంబై డిజైనర్ అనితా డోంగ్రే. అమెరికాలో విడుదల ధర 40 డాలర్లు. డల్లాస్‌లో ఉండే మా పెద్దమ్మ కూతురు పోయిన సంక్రాంతికి వస్తూ తెచ్చింది. వచ్చేటప్పుడు సూట్‌కేసులో బొమ్మ, వెళ్ళేటప్పుడు అదే జాగాలో ఆవకాయ. పాపం, పెట్టె నాలుగు మూలలా పిల్లల స్వెటర్లు కుక్కి మరీ తెచ్చింది. "పెట్టె మూల నలిగితే బొమ్మ విలువ పడిపోతుందక్కా" అని నేను ముందే వార్నింగ్ ఇచ్చాను మరి.

నలిగితే ఏమవుతుంది అంటారా? కలెక్టర్ల లోకంలో పెట్టె కూడా బొమ్మలో భాగమే. ఒకసారి తెరిచారా, పాత ధర మర్చిపోవాల్సిందే. "నెవర్ రిమూవ్డ్ ఫ్రమ్ బాక్స్" అనే మాటని పొట్టిగా ఎన్‌ఆర్‌ఎఫ్‌బీ అంటారు. అమ్మకానికి పెట్టిన బొమ్మ పక్కన ఆ నాలుగు అక్షరాలుంటే రేటు వేరు.

"లిమిటెడ్" అనే మాట గురించి కూడా ఒక ముక్క. ఒకప్పుడు మ్యాటెల్ కలెక్టర్ బార్బీలకి రంగుల లేబుళ్ళు వేసి సంఖ్య చెప్పేది. గోల్డ్ లేబుల్ అంటే 25,000కి మించి చెయ్యరు, ప్లాటినమ్ అంటే వెయ్యి కంటే తక్కువ. ఇప్పుడు ఎక్కువగా నడిచేది పండగ లిమిటెడ్. సీజన్ దాటితే మళ్ళీ దొరుకుతుందో లేదో అనే భయమే సగం అమ్మేస్తుంది. ఆ భయంతో కొన్నవాళ్ళలో మీ కాలమిస్టు కూడా ఒకరు.

ఇక డ్రెస్సు. దీని పేరు మూన్‌లైట్ బ్లూమ్. చోళీ, దాని మీద పూల కోటి, కింద లెహంగా. కోటి అంటే చేతుల్లేని వెయిస్ట్‌కోటు లాంటిది. బట్ట మీద డాలియాలు, మల్లెలు, తామరలు. చేతికి బంగారు రంగు గాజులు, చెవులకి మెరిసే కమ్మలు. ఇదివరకు డాల్స్ ఆఫ్ ద వరల్డ్ సిరీస్‌లో ఇండియా పేరుతో వచ్చిన ఒక బార్బీకి తోడుగా కోతి పిల్లనీ, పాస్‌పోర్టునీ ఇచ్చారు. దాంతో పోలిస్తే ఈ అమ్మాయి సుఖంగా ఉంది. పండగకి తయారై నిలబడింది, అంతే.

ఇదంతా ఎవరైనా చెప్తారు. బట్టల రివ్యూ మాత్రం నేను చెయ్యలేను. జాకెట్టుకి డాట్ ఎక్కడ వెయ్యాలో నాకు తెలీదు. తెలిసిన మనిషి తెనాలిలో ఉంది. మా అమ్మ.

అద్దంలోంచి రివ్యూ

మా అమ్మ ముప్పై ఏళ్ళుగా వరండాలో మిషను పెట్టుకుని జాకెట్లు కుడుతోంది. నా ఇంజినీరింగ్ ఫీజులో ఎన్ని హుక్కులు, ఎన్ని కాజాలు ఉన్నాయో లెక్క తియ్యాలంటే ఎక్సెల్ షీటు చాలదు. సంక్రాంతి ముందు ఆవిడతో మాట్లాడటం కుదరదు. "రేపొచ్చి తీసుకెళ్ళండి" అని అందరికీ చెప్పిన ఆ రేపులన్నీ ఒకేసారి వచ్చేస్తాయి. అందుకని భోగి మధ్యాహ్నం దాకా ఆగి, పెట్టె తీసుకెళ్ళి మిషను మీద పెట్టాను.

అమ్మ కళ్ళజోడు పెట్టుకుంది. పెట్టెని అటూ ఇటూ తిప్పింది. ప్లాస్టిక్ కిటికీలోంచి చాలాసేపు చూసింది.

"మల్లెపూలు జడలో పెట్టాలి గానీ లంగా మీద వేశారేంటే?"

"డిజైనమ్మా."

"సరేలే. తియ్యి, వెనక చూడాలి."

"తియ్యకూడదమ్మా. తీస్తే విలువ పోతుంది."

అమ్మ నా వంక చూసిన చూపు ఇక్కడ ఎమోజీలో పెట్టలేను. "వెనక చూడకుండా, లోపల కుట్టు చూడకుండా బాగుందో లేదో ఎలా చెప్తారే? ముందు వైపు అందరూ బాగానే కుడతారు" అంది.

అలా నా రివ్యూ మొదటి రోజే ఆగిపోయింది. చూడాలంటే తెరవాలి. తెరిస్తే నేను కొన్న కారణమే పోతుంది.

ఆరో వంతు లెక్క

తెరవకుండానే తేలే సంగతులు కొన్ని ఉన్నాయి. బార్బీ ఎత్తు పదకొండున్నర అంగుళాలు, అంటే మనిషి సైజులో ఆరో వంతు. ఆరుతో గుణిస్తే ఐదడుగుల తొమ్మిదంగుళాల అమ్మాయి. ఐదున్నర మీటర్ల చీరని అదే లెక్కన కుదిస్తే సుమారు 92 సెంటీమీటర్ల పొడవు, 19 సెంటీమీటర్ల పన్నా వస్తుంది. ఇంతవరకు కాలిక్యులేటర్ చాలు.

చిక్కంతా గుడ్డ దగ్గరే. పొడవుని ఆరో వంతు చెయ్యగలం, దారం మందాన్ని ఎవరు తగ్గిస్తారు? మన లెహంగా గుడ్డనే బొమ్మకి కత్తిరిస్తే అది జారదు, గొడుగులా నిలబడుతుంది. మనిషి లెహంగా అందంగా వేలాడేది దాని బరువుతో. బొమ్మ లెహంగాకి ఆ బరువుండదు. అందుకే బొమ్మకి పల్చటి గుడ్డ వెతకాలి, పూలూ చిన్నవై ఉండాలి. నేనీ లెక్కంతా చెప్తే అమ్మ ఒక్క వాక్యంలో తేల్చేసింది. "ఇంత ముక్క మీద ఎంబ్రాయిడరీ చేస్తే గుడ్డ అట్టలా బిగుసుకుపోతుందే." బొమ్మల బట్టల మీద ఎక్కువగా అచ్చు పూలే కనపడటానికి కారణం అదే.

ఈ తలనొప్పి బార్బీతోపాటే పుట్టింది. 1959 మార్చి 9న న్యూయార్క్ టాయ్ ఫెయిర్‌లో రూత్ హ్యాండ్లర్ తొలి బార్బీని చూపించినప్పుడు దాని ఒంటి మీద నలుపు తెలుపు చారల స్విమ్‌సూట్, ధర 3 డాలర్లు. ఆ బొమ్మ బట్టల డిజైనర్ షార్లెట్ జాన్సన్‌ని మ్యాటెల్ జపాన్ పంపించింది. బొమ్మ తయారీ అక్కడే. సన్న పూల గుడ్డలు, బుల్లి బొత్తాలు, బుల్లి జిప్పులు వెతకడం ఆవిడ పని. ఆవిడ గీసిన బట్టల్ని కుట్టింది ఎక్కువగా జపాన్ ఆడవాళ్ళు, ఇళ్ళలో కూర్చుని. మా వరండా లాంటి ఇళ్ళే అయ్యుంటాయి.

తర్వాత డిజైనర్ల కాలం వచ్చింది. 1990లో బాబ్ మ్యాకీ గోల్డ్ బార్బీ వచ్చింది. దాని గౌను మీద 5,000కు పైగా చమ్కీలు. పెట్టె మీద ఆయన పేరు పెద్దక్షరాల్లో ఉంటుంది. చమ్కీలు కుట్టిన చేతుల పేర్లు మాత్రం ఏ పెట్టె మీదా ఉండవు.

బీసెంట్ రోడ్డు

ఇది రాయాలా వద్దా అని రెండు రోజులు ఆలోచించాను. రాస్తున్నాను.

ఆరో క్లాసులో నాకో బొమ్మ ఉండేది. తిరునాళ్ళలో కొన్నది, బ్రాండు లేదు, ఒక కన్ను సరిగా మూసుకునేది కాదు. ఎవరిదో పెళ్ళి జాకెట్టు కటింగ్‌లో మిగిలిన పట్టు ముక్కలతో అమ్మ దానికి పరికిణీ, జాకెట్టు కుట్టింది. జరీ అంచు సరిగ్గా పాదాల దగ్గరికి వచ్చేలా, వెనక బుల్లి ప్రెస్ బటన్‌తో. సంక్రాంతికి మా క్లాస్‌మేట్ ఇంట్లో కొలువు పెడుతున్నారంటే ఆ బొమ్మని తీసుకెళ్ళాను. వాళ్ళమ్మగారు దాన్ని ముందు మెట్టు మీద పెట్టి, "ఎంత బావున్నాయే బట్టలు! ఎక్కడ కొన్నారు?" అని అడిగారు.

ఆ ఇంటికి జాకెట్లు ఇచ్చి డబ్బులు తెచ్చేది నేనే. క్లాసులో కొందరు నన్ను "టైలరమ్మ కూతురు" అనేవాళ్ళు. చుట్టూ ఫ్రెండ్స్ ఉన్నారు. "విజయవాడలో కొన్నామాంటీ" అనేశాను.

నన్ను తీసుకెళ్ళడానికి వచ్చిన అమ్మ అప్పటికే గుమ్మం దగ్గర నిలబడి ఉంది. ఆంటీ అమ్మ వైపు తిరిగారు. అమ్మ ఒక్క క్షణం కూడా తడుముకోలేదు.

"అవునండీ, బీసెంట్ రోడ్డులో" అంది.

దారిలో ఏమీ అనలేదు. ఇంటికొచ్చాక కూడా ఏమీ అనలేదు. తర్వాత కూడా ఎప్పుడూ అనలేదు.

చివరికి తెరిచాం

భోగి సాయంత్రం నేనే దారాలు కత్తిరించే కత్తెర అమ్మకిచ్చాను. "తియ్యమ్మా" అన్నాను. "విలువ పోతుందన్నావుగా?" అంది. "పోనీ" అన్నాను.

బొమ్మని పెట్టెలోంచి విడిపించడానికి పది నిమిషాలు పట్టింది. కదలకుండా పట్టి ఉంచే కట్లు ఒక్కొక్కటీ ఆవిడ తెంపుతుంటే నా గుండెలో ఒక్కో వంద రూపాయల నోటు చిరిగింది. తర్వాత అమ్మ లెహంగా అంచు వేలితో మడిచి లోపలి వైపు చూసింది. లైటు దగ్గరికి తీసుకెళ్ళి మళ్ళీ చూసింది.

"మార్జిన్ వదల్లేదే."

"బొమ్మ లావవదు కదమ్మా!"

అమ్మ నవ్వింది. "అదీ నిజమేలే. కానీ ఇంత చిన్నదాన్ని మిషను పాదం కింద తిప్పడం మాటలు కాదు. ఎవరో గానీ చెయ్యి తిరిగిన మనిషి. పేరు రాయలేదా పెట్టె మీద?"

పెట్టె తిప్పి చదివాను. బార్బీ పేరుంది, కంపెనీ పేరుంది, డిజైనర్ పేరుంది. బార్బీలు ఎక్కువగా ఇండోనేషియా, చైనా ఫ్యాక్టరీల్లో తయారవుతాయని చెప్పాను. అక్కడ ఎవరు కుట్టారో ఎలా తెలుస్తుంది?

"కుట్టినవాళ్ళ పేరు ఎవరు రాస్తారులే" అంది అమ్మ. కోపంగా కాదు. వాన పడుతోంది అని చెప్పినట్టు చెప్పింది.

అప్పుడడిగాను. "అమ్మా, ఆరో క్లాసులో ఆ కొలువు గుర్తుందా?"

అమ్మ లెహంగా సర్దుతూనే ఉంది. "గుర్తుంటే ఏంటిప్పుడు? నీకు పదకొండేళ్ళు అప్పుడు" అంది. కాసేపాగి, "అంచు మాత్రం బాగా కుదిరింది దానికి" అంది.

రేటింగ్

బొమ్మ: 5కి 4. పండగ కళ ఉంది.

డ్రెస్సు: 5కి 4. రంగూ, పూల సైజూ, గుడ్డ పడే తీరూ అమ్మ పాస్ చేసింది. లంగా మీద మల్లెపూల విషయంలో మాత్రం రాజీ పడలేదు.

ధర: 40 డాలర్లంటే మేం కొన్నప్పటి లెక్కలో దాదాపు 3,400 రూపాయలు. మా అమ్మ లైనింగ్ జాకెట్టుకి 350 తీసుకుంటుంది. అంటే సుమారు పది జాకెట్లు. ఖరీదెక్కువో తక్కువో మీరే తేల్చుకోండి. ఆ లెక్క వేశాక నాకైతే ఒకటే తోచింది, జాకెట్టు రేటు తక్కువని.

కొనాలా? పెట్టుబడి అనుకుని కొంటే తెరవకండి, ఎండ తగలని చోట, తేమ లేని చోట దాచండి. ఇష్టంతో కొంటే తెరవండి. సగం తెరిచి సగం బాధపడటం మాత్రం వద్దు, అది నేను చేసి చూశాను.

ఈ కాలమ్‌లో అమ్మ పేరు రాస్తానంటే ఒప్పుకోలేదు. "నా పేరెందుకే? ఫోన్ నంబరు వెయ్యి, నాలుగు గిరాకీలైనా వస్తాయి" అంది. ఎడిటర్ గారు నంబరుకి ఒప్పుకోలేదు.

బొమ్మని హైదరాబాద్ తెచ్చుకోలేదు. తెనాలిలో, మిషను పక్కన అలమరలో ఉంది. పోయిన వారం అమ్మ ఫొటో పంపింది. బొమ్మ ఒంటి మీద డోంగ్రే లెహంగా లేదు. మామిడిపండు రంగు పట్టు పరికిణీ, ఆకుపచ్చ జాకెట్టు. జరీ అంచు సరిగ్గా పాదాల దగ్గరికి ఉంది. కింద వాయిస్ మెసేజ్: "జాకెట్టు ఇవ్వడానికొచ్చినావిడ, బొమ్మ బట్టలు ఎక్కడ కొన్నారండీ అనడిగింది. నేనే కుట్టానని చెప్పా."

వచ్చే వారం మళ్ళీ ఇయర్‌బడ్సే. అమ్మకి చూపించను లెండి, లోపల వైరింగ్ చూడాలంటుంది.