నక్షత్రం గుట్టు ఒక్క ఫోటోతో తేలదు

ఖగోళశాస్త్ర చరిత్రలో గుంటూరుకు స్థానముంది. 1868 ఆగస్టు 18 నాటి సంపూర్ణ సూర్యగ్రహణాన్ని ఫ్రెంచి శాస్త్రవేత్త జాన్సెన్ ఇక్కడి నుంచే పరిశీలించారు. కాంతిని రంగులుగా విడగొట్టే వర్ణపటదర్శినితో, సూర్యుని అంచున ఎగసే జ్వాలలు వాయుమయమని తేల్చారు. గ్రహణం విడిచిన మరునాడు సైతం వాటి గీతలను చూడగలిగారు. ఆ ఏటి పరిశీలనల్లో బయటపడిన ఒక పసుపు గీతే హీలియం ఆచూకీ తెలిపింది. భూమి మీద ఆ వాయువు 1895లో గాని దొరకలేదు.

ఇంతటి ఘనత గల జిల్లాలో నక్షత్ర వర్ణపటం విద్యార్థులకు పుస్తకంలో బొమ్మగానే మిగిలిపోవడం శోచనీయం. దాన్ని స్వయంగా తీయడానికి పెద్ద వేధశాల అక్కర్లేదు. చిన్న టెలిస్కోపు, మిల్లీమీటరుకు 100 గీతలుండే గ్రేటింగు, కెమేరా, కంప్యూటరు చాలు. సాఫ్ట్‌వేరు ఉచితంగానే లభిస్తోంది.

కావలసిందల్లా ఓపిక. నక్షత్రకాంతి అసలే స్వల్పం. రంగులుగా పరిస్తే మరింత పలుచబడుతుంది. ఒక్క ఫోటోలో నక్షత్రపు గీత ఏదో, చుక్కలు చుక్కలుగా పడే గరుకు ఏదో తెలియదు. అందుకే ఔత్సాహికులు అనేక ఫోటోలు తీసి, ఒకదానిపై ఒకటి పేర్చి సగటు కడతారు. గీత అన్నిటిలోనూ ఒకే చోట ఉంటుంది. గరుకు ఫోటోకొక తీరుగా మారుతుంది. కలిపేకొద్దీ గీత నిలిచి, గరుకు అణగుతుంది. 16 ఫోటోలు కలిపితే 4 రెట్లు, 100 కలిపితే 10 రెట్లు మెరుగు. చేట ఒక్కసారి ఎత్తితే తాలంతా పోదని రైతుకు ఎవరూ చెప్పనక్కర్లేదు.

అయితే దీనికీ హద్దులున్నాయి. సోడియం పసుపు గీతలు రెండు. ఒకటి 589.0, రెండోది 589.6 నానోమీటర్ల వద్ద ఉంటాయి. పరికరం విడదీయలేని ఈ జంట వెయ్యి ఫోటోలు పేర్చినా ఒక్కటిగానే కనిపిస్తుంది. గాలి కదలికకు చెదిరిన ఫోటోలను ఏరి పారేయాలి. వరుస తప్పి పేరిస్తే ఉన్న గీతలే అలుక్కుపోతాయి. బొమ్మ అందంగా రావాలని కంప్యూటరులో అతిగా పదును పెడితే లేని గీతలు పుట్టుకొస్తాయి. విద్యార్థి నేర్వవలసిన అసలు పాఠం ఇదే: కనిపించినదెంతో అంతే చెప్పాలి.

ఇది ఉత్త కాలక్షేపమని కొట్టిపారేయరాదు. పారిస్ వేధశాల నిర్వహించే 'బెస్' భాండాగారంలో ఒక తరగతి నక్షత్రాలపై ఔత్సాహికులు తీసిన వర్ణపటాలను భద్రపరుస్తున్నారు. శాస్త్రజ్ఞులు వాటిని వినియోగించుకుంటున్నారు.

మండలానికొక ఉన్నత పాఠశాలకైనా ఈ పరికరాలు సమకూర్చి, ఉపాధ్యాయులకు శిక్షణ ఇవ్వాలి. అభిజిత్ నక్షత్రంలో హైడ్రోజన్ గీతలు వెడల్పుగా ఉంటాయి కనుక దానితో ప్రారంభించవచ్చు. సైన్సు ప్రదర్శనల్లో అట్టబొమ్మలకిచ్చే బహుమతులు ఇలాంటి కొలతలకూ దక్కాలి. పట్నాలకు కరువైన చీకటి ఆకాశం పల్లెలకు ఇంకా మిగిలి ఉంది. ఫ్లడ్‌లైట్లు దాన్ని మింగకముందే విద్యాశాఖ, జిల్లా పరిషత్తు పూనుకోవడం మేలు.