ఈ దసరాకు అలుగు చూసొద్దాం

దసరా సెలవులకు ఎక్కడికి వెళ్ళాలనుకుంటున్నారు? కొత్తకోటలో ఈ ప్రశ్న వేస్తే చాలామంది పిల్లలు “హైదరాబాదు” అంటారు. జంతు ప్రదర్శనశాల, చార్మినారు, బిర్లా ప్లానెటేరియం అన్నీ చూడదగినవే, కాదనను. కాని విజ్ఞానమంటే బస్సెక్కి పట్నం పోయి, టిక్కెట్టు కొని చూడవలసిన వస్తువు అనుకోవడం మాత్రం పొరపాటు. మీ ఊరి పక్కనే ఒక వింత ఉంది. ముందు దానిని చూడండి, అదీ ఇంటిల్లిపాదీ కలిసి చూడండి అంటాను నేను.

ఆ వింత పేరు సరళాసాగర్. మదనాపురం మండలంలో శంకరంపేట దగ్గర ఉంది. వనపర్తి సంస్థానాధీశుడు రాజా రామేశ్వరరావు తన తల్లి సరళాదేవి పేరు మీద దీనిని తలపెట్టారు. 1949లో శంకుస్థాపన జరిగింది, 1959లో ప్రారంభమైంది. సుమారు అర టీఎంసీ నీరు పట్టే చిన్న జలాశయం. జూరాలను చూసిన కళ్ళకు ఇది ఆనదు. కాని జూరాలలో లేనిది ఒకటి ఇక్కడ ఉంది. జూరాలలో వరద వస్తే మనుషులు గేట్లు ఎత్తాలి. సరళాసాగర్‌లో నీరు నిండితే అలుగు తనంతట తానే పారుతుంది, నీరు తగ్గితే తనంతట తానే ఆగుతుంది. మనిషి అక్కర లేదు, కరెంటు అక్కర లేదు. ఎలాగో తెలుసా?

వెళ్ళడానికి ముందురోజే ఇంట్లో ఒక ప్రయోగం చేయండి. ఒక బకెట్ నిండా నీళ్ళు పోసి బల్ల మీద పెట్టండి. ఖాళీ బకెట్ కింద పెట్టండి. రెండు మూరల సన్నని ప్లాస్టిక్ గొట్టాన్ని నీళ్ళలో పూర్తిగా ముంచి నింపండి. ఒక కొసను వేలితో మూసి బయటికి తీసి, కింది బకెట్ వైపు వంచి వేలు తీయండి. నీరు ముందు బకెట్ అంచు దాకా పైకెక్కి, తరువాత కిందికి దూకుతుంది! కింది వైపు గొట్టం పొడవు కనుక అందులోని నీటి బరువు ఎక్కువ. అది జారుతూ ఉంటే, వెనుకనున్న నీటిని వాతావరణ పీడనం పైకి నెడుతూ ఉంటుంది. దీనినే సైఫన్ అంటారు. వాతావరణం నీటిని సుమారు పది మీటర్ల వరకే నిలబెట్టగలదు కనుక, అంతకు మించిన ఎత్తు మీదుగా సైఫన్ పనిచేయదు. ఇప్పుడు గొట్టం వంపు దగ్గర సూదితో కాస్త పెద్ద రంధ్రమే చేయండి. గాలి లోపలికి చొరబడుతుంది, ధార తెగిపోతుంది.

సరళాసాగర్ అలుగు రహస్యమంతా ఈ రెండు సంగతులలోనే ఉంది. అక్కడ అలుగు మీద టోపీల్లాగా కాంక్రీటు గొట్టాలు కట్టారు. జలాశయం నిండి నీరు అలుగు దాటగానే పలుచగా లోపలికి జారి, లోపలి గాలిని తనతో లాక్కుపోతుంది. గాలి పోయాక గొట్టం నిండుగా పారుతుంది. మామూలు అలుగు మీద జానెడు నీరుంటే ఆ జానెడు ఒత్తిడే పనిచేస్తుంది. సైఫన్‌లో అయితే జలాశయం మట్టానికీ, కింద నీరు బయటపడే చోటుకూ మధ్యనున్న ఎత్తంతా పనిచేస్తుంది. అందుకే అంత ఉధృతి! మట్టం తగ్గి గాలి దూరగానే మీ గొట్టంలో జరిగినట్లే ధార ఆగిపోతుంది.

ఇక్కడ ఒక హెచ్చరిక. గేట్లున్న చోట ఎత్తే ముందు సైరన్ మోగించవచ్చు. సైఫన్‌కు నడిపే మనిషే లేడు కదా, మరి ముందుగా చెప్పేదెవరు? కనుక అలుగు కింద ఎంత ఎండిపోయి ఉన్నా, ఫోటో కోసమైనా సరే, అక్కడికి దిగవద్దు. కట్ట మీద నుంచి, పెద్దల పక్కన నిలబడి చూడండి.

వేసవి సెలవులు ఇందుకు పనికిరావు. వానలు బాగా పడిన ఏడు దసరా నాటికి నీరుంటుంది. అలుగు పారకపోయినా నిరాశ వద్దు, చేయవలసిన పనులు చాలా ఉన్నాయి. సైఫన్లు ఎన్నో లెక్కపెట్టి బొమ్మ గీయండి. కాలువ పారుతుంటే ఎంత నీరు పోతోందో లెక్క కట్టండి. గట్టు మీద పది మీటర్లు కొలిచి, ఒక ఆకు వేయండి. అది ఆ దూరం పోవడానికి 20 సెకన్లు పట్టిందనుకుందాం. అంటే వేగం సెకనుకు అర మీటరు. కాలువ వెడల్పు 2 మీటర్లు, లోతు అర మీటరు అయితే సెకనుకు అర ఘనపు మీటరు. అడుగున నీరు నెమ్మదిగా పోతుంది కనుక 0.85తో గుణించండి. 425 లీటర్లు వస్తుంది, అంటే సుమారు 15 క్యూసెక్కులు. అర టీఎంసీ నీటిని ఈ లెక్కన వదిలితే 385 రోజులు పడుతుంది! లోతు కొలిచే పని మాత్రం పెద్దలకే వదిలేయండి.

తాతయ్యనూ, నాయనమ్మనూ తప్పకుండా వెంట తీసుకుపొండి. పాలమూరు కూలీలు దేశమంతటా తిరిగి ఎన్నో ఆనకట్టలు కట్టారు. మీ ఇంట్లోనే మట్టి తట్టలు మోసిన చేతులు ఉండవచ్చు. కట్టకు ఎలాంటి మట్టి వాడతారు, దానిని ఎలా గట్టిపరుస్తారు అని వారిని అడగండి. ఆ రోజుకు వారే మీ మాస్టారు. పుస్తకంలో లేని పాఠాలు దొరుకుతాయి. చదువుకోలేదని మొహమాటపడే పెద్దలు, మనుమల ముందు ఒక్కపూట ఇంజనీర్లవుతారు. సెలవు విహారానికి ఇంతకన్న లాభం ఏముంటుంది?

చివరగా ఒక సంగతి. 2019 డిసెంబరు 31న సరళాసాగర్ కట్టకు గండి పడింది, నీరంతా పోయింది. తరువాత కట్టను మళ్ళీ కట్టారు. సైఫన్లు ఉండగా గండి ఎలా పడుతుందని మీరు అడగవచ్చు. సైఫన్లు నీరు కట్టమీద నుంచి పొర్లకుండా కాపాడగలవు. మట్టి లోపలి నుంచి ఊరే నీటిని అవి ఆపలేవు. ఏ చెరువు కట్ట దగ్గరికి వెళ్ళినా కింది వైపు చెమ్మ ఉందేమో చూడండి. ఊరే నీరు తేటగా ఉంటే అంత భయం లేదు. బురదగా ఉంటే అది కట్టలోని మట్టిని మోసుకుపోతోందన్నమాట. వెంటనే పెద్దలకు చెప్పండి. దాని కింద ఊళ్ళు ఉన్నాయి, పొలాలు ఉన్నాయి.

ఇంతకూ నేను చెప్పేది ఒక్కటే. దూరం పోవడం వల్ల చూపు పెరగదు, ప్రశ్న వెంట తీసుకుపోతే పెరుగుతుంది. సద్దిమూటతో పాటు ఒక నోటుబుక్కు, ఒక కొలత టేపు పెట్టుకోండి. మీది కొత్తకోట కాకపోతే మీ ఊరి చెరువు ఉండనే ఉంది. దాని తూము ఎక్కడుందో, అలుగు ఎటు పారుతుందో మీకు తెలుసా? తెలియకపోతే ఈ సెలవులు అక్కడి నుంచే మొదలుపెట్టండి.