తిండి లేనప్పుడు ఇన్సులిన్ ఎందుకు?

వైద్య, జీవవైద్య శాస్త్రాలలో చేరిన విద్యార్థులు తొలి ఏడాదిలోనే జీవరసాయన శాస్త్రాన్ని చూసి బెదరిపోతారు. క్రెబ్స్ చక్రాన్ని కంఠస్థం చేసి, పరీక్షలో అప్పజెప్పి, మరునాడే మరచిపోతారు. ఒక గ్లూకోజ్ అణువు నుండి వెలువడే ఏటీపీల సంఖ్య మా కాలపు పుస్తకాలలో 38. నేటి పుస్తకాలలో సుమారు 30 నుండి 32. ఈ సంఖ్య మారినందువలన రోగికి ఒరిగినదేమీ లేదు. అతనికి అక్కరకు వచ్చేది ఆ చర్యల వెనుకనున్న తర్కం. మన బోధనలో కొరవడుతున్నది అదేనని నా అభిప్రాయం.

ఒక ఉదాహరణ చెబుతాను. టైప్ 1 మధుమేహం ఉన్న పిల్లవానికి జ్వరం, వాంతులు. ముద్ద దిగడం లేదు. "అన్నమే తిననప్పుడు ఇన్సులిన్ ఎందుకండీ? షుగర్ పడిపోదా?" అని తల్లి అడుగుతుంది. ప్రభుత్వ ఆసుపత్రులలో పనిచేసిన కాలంలో ఈ ప్రశ్నను ఎన్నో పర్యాయాలు విన్నాను. ఆమె సందేహం సహజమే. కాని సూది పూర్తిగా మానివేస్తే ప్రాణాపాయం.

రక్తంలోని చక్కెరకు ఆహారమొక్కటే ఆధారం కాదు. కాలేయం తనలో నిల్వ ఉన్న గ్లైకోజెన్‌ను విడగొట్టి, లాక్టేట్, గ్లిసరాల్, అమైనో ఆమ్లాల నుండి కొత్తగా తయారుచేసి, గ్లూకోజ్‌ను రక్తంలోకి వదులుతూనే ఉంటుంది. జ్వరసమయంలో కార్టిసాల్, అడ్రినలిన్ దానిని మరింత పురికొల్పుతాయి. ఈ ఉత్పత్తికి పగ్గం వేసేది ఇన్సులిన్. అది లేనప్పుడు రక్తంలో చక్కెర పొంగిపొరలుతున్నా కండరాలు దానిని తగినంతగా అందుకోలేవు. కొవ్వు విచ్చలవిడిగా కరిగి కొవ్వు ఆమ్లాలు కాలేయానికి చేరతాయి. అక్కడ వాటి నుండి పుట్టిన అసిటైల్ కోఎంజైమ్-ఎ, క్రెబ్స్ చక్రం ఇముడ్చుకోగలిగిన దానిని మించి పోగుపడి కీటోన్లుగా మారుతుంది. రక్తంలో ఆమ్లత పెరుగుతుంది. కడుపునొప్పి, వాంతులు, వేగంగా లోతైన ఊపిరి, నోటి నుండి పండ్ల వాసన, చివరకు అపస్మారకం!

కాబట్టి టైప్ 1 రోగి అన్నం తినకపోయినా ఇన్సులిన్‌ను పూర్తిగా ఆపరాదు. మోతాదును వైద్యుని సలహాతో సవరించుకోవాలి. చక్కెరను, కీటోన్లను తరచుగా పరీక్షించుకుంటూ ద్రవాలు తాగాలి. వాంతులు తగ్గకపోయినా, ఊపిరి వేగం పెరిగినా తక్షణం ఆసుపత్రికి చేరాలి. మధుమేహపు మాత్రల సంగతి వేరు. అనారోగ్యంలో కొన్నింటిని ఆపవలసి రావచ్చు. అదీ వైద్యుని అడిగే చేయాలి.

అధ్యాపక మిత్రులకు నా విన్నపం ఒక్కటే. క్రెబ్స్ చక్రాన్ని గీయమని అడగండి, తప్పు లేదు. దానితోపాటు ఆ తల్లి ప్రశ్నను కూడా ప్రశ్నపత్రంలో చేర్చండి. ఆమెకు అర్థమయ్యే తెలుగులో జవాబు వ్రాయగలిగిన విద్యార్థికే జీవక్రియ బోధపడినట్లు లెక్క.