గద్దె చేసిన అప్పు

"ఇస్లాంలో మతమూ రాజ్యమూ వేరు కావు" అని మనలో చాలామంది ఒక్క ముక్కలో తేల్చేస్తూ ఉంటారు. అదే నిజమైతే ముస్లిములు అధికసంఖ్యాకులైన దేశాలన్నీ ఒకే తీరున నడవాలి కదా! టర్కీ 1924లో ఖలీఫా పదవినే రద్దు చేసింది. ఇండోనేషియా ఇస్లాంను రాజ్యమతంగా ప్రకటించుకోలేదు. ఇరాన్‌లో 1979 విప్లవంతో మతాచార్యుడే సర్వాధికారి అయ్యాడు. గ్రంథం ఒక్కటే, రాజ్యాలు మూడు విధాలు.

కనుక గ్రంథాన్ని పక్కనపెట్టి గద్దెను పరిశీలించాలని నా అభిప్రాయం. ప్రజల సమ్మతి కరువైన పాలన మతాన్ని అరువు తెచ్చుకుంటుంది.

నిదర్శనానికి మా మెట్టుగూడ నుంచి దూరం పోనక్కరలేదు. నిజాం రాజ్యంలో ముస్లిములు అల్పసంఖ్యాకులు. ప్రభువు మాత్రం ముస్లిం. అందుచేత ఆ అప్పు అవసరం ఇక్కడ మరింత స్పష్టంగా కనబడుతుంది. 1927లో పుట్టిన మజ్లిస్ కాలక్రమాన 'అనల్ మాలిక్' సిద్ధాంతాన్ని ప్రచారం చేసింది. ప్రతి ముస్లిమూ పాలకుడేనట, నిజాం అందుకు ప్రతీక అట! పూట గడవని జట్కావాడికి కూలి పెరగలేదు గాని, కిరీటం మాత్రం దక్కింది.

విలీనాన్ని సమర్థించిన 'ఇమ్రోజ్' ఉర్దూ పత్రిక సంపాదకుడు షోయబుల్లాఖాన్‌ను 1948 ఆగస్టులో కాచిగూడలో చేయి నరికి చంపారు. ఆయన విశ్వాసంతో హంతకులకు పేచీ లేదు, అభిప్రాయంతోనే పేచీ.

సెప్టెంబరు సైనికచర్య వెంట చెలరేగిన హింసలో 27 వేల నుంచి 40 వేల మంది మరణించి ఉంటారని సుందర్‌లాల్ కమిటీ అంచనా వేసింది. వారిలో అత్యధికులు ముస్లిములు. ఆ పాపం చంపినవారిదే, సందేహం లేదు. కాని రజాకార్ల నాయకుడు ఖాసిం రజ్వీ 1957లో జైలు నుంచి విడుదలై పాకిస్తాన్ వెళ్ళిపోయాడు. అప్పు చేసినవాడు గట్టెక్కాడు. వడ్డీ కట్టింది ఏమీ ఎరుగని పల్లె ముస్లిములు.

అక్కడ పాకిస్తాన్‌లోనూ ఇదే కథ. 1970 ఎన్నికల్లో బెంగాలీలకు దక్కిన అధికారాన్ని అప్పగించడానికి పాలకులకు మనసొప్పలేదు. 1971లో సాటి ముస్లిముల మీదికే సైన్యాన్ని పంపారు. ఒకే మతం ఆ దేశాన్ని ఒక్కటిగా నిలపలేకపోయింది.

ఇది ఒక్క ముస్లిములకే చెప్పవలసిన పాఠమని మురిసిపోనక్కరలేదు. ఏ మతం పేరిట సాగే రాజకీయానికైనా నాకు తోచిన పరీక్ష ఒక్కటే: సాటి మతస్థుడు కాదన్నప్పుడు అది అతణ్ణి ఏం చేస్తుంది?