తుడిచివేసే ముందు

పండుగకు ఇల్లు కడిగించుకోవడం మంచి ఆచారమే. కాని కడిగే ముందు ధాన్యపు బస్తాలను అరుగు మీదికి చేర్చని గృహస్థును లోకం తెలివిగలవాడు అనదు. ఈ చిన్న మాటను మన విద్యార్థుల ల్యాప్‌టాప్‌లకు అన్వయించి చెప్పాలన్నదే ఈ వ్యాసంలో మా ఉద్దేశం.

విండోస్ 10కు ఉచిత భద్రతా మార్పులను అందించడం 2025 అక్టోబర్ 14తో సాధారణంగా ముగిసింది. నాటి నుండి మన కళాశాలలో పాత ఆపరేటింగ్ సిస్టమ్‌ను తుడిచివేసి కొత్తది వేయించుకొనేవారు పెరిగారు. విండోస్ 11 కోరే అర్హతలు లేని పాత యంత్రాలలో లైనక్స్ వేసుకొనేవారూ ఉన్నారు. మందగించిన యంత్రం దీనివలన చురుకుదనం పొందడమూ కద్దు. కనుక ఈ పనిని మేము నిరసించడం లేదు. దానికి ముందు జరగవలసిన పనిని విస్మరించడాన్నే నిరసిస్తున్నాము.

నిరుడు అంతిమ సంవత్సరపు విద్యార్థిని ఒకతె తన ల్యాప్‌టాప్‌ను పట్టణంలోని ఒక దుకాణంలో ఇచ్చింది. సాయంత్రానికి యంత్రం కొత్తదానివలె తిరిగి వచ్చింది. కాని ఆమె ప్రాజెక్టు నివేదిక, ఈ సంచికకై సేకరించిన మూడు ఉర్దూ వ్యాసాలు, తాతగారి కంఠాన రికార్డు చేసుకున్న పాత కథలు అందులో లేవు. “అన్నీ డి డ్రైవ్‌లో పెట్టానండీ, అక్కడ పెడితే పోవని మీరే చెప్పారు కదా!” అని ఆమె కంటతడి పెట్టినప్పుడు మాకు జవాబు తోచలేదు. ఆ మాట మేము చెప్పిన మాటే. ఆ నష్టంలో మా అజ్ఞానానికీ వాటా ఉంది.

అసలు పార్టిషన్ అంటే ఏమిటి? ఒకే మడికి నడుమ గట్లు వేసి, ఒక చెక్కలో నారు, మరొక చెక్కలో పైరు పెట్టుకోవడం వంటిది. సి అనే చెక్కలో ఆపరేటింగ్ సిస్టమ్, డి అనే చెక్కలో మన కాగితాలు. జాగ్రత్తగా సి ని మాత్రమే దున్ని తిరిగి నాటితే డి కి హాని లేదు. కాని రెండూ ఒకే మడి. పులికాట్ ఉప్పునీరు పొంగి వస్తే గట్టు ఏ చెక్కనూ కాపాడదు. అట్లే డిస్కు చెడినా, ఎవరైనా గట్లన్నీ చెరిపివేసినా రెండు భాగాలూ ఒక్కసారే పోతాయి. వేరు భాగం వేరు ప్రతి కాదు. ఈ ఒక్క వాక్యం గుర్తుంచుకుంటే మా వ్యాసం సార్థకమే.

ఆ దుకాణంలో జరిగిందేమిటో తరువాత విచారించి తెలుసుకున్నాము. డిస్కు విభాగాల పట్టికను వ్రాయడానికి ఎం.బి.ఆర్. అనే పాత పద్ధతి, జి.పి.టి. అనే కొత్త పద్ధతి ఉన్నాయి. యంత్రాన్ని ఒక పద్ధతికి తగినట్లు ప్రారంభించి, డిస్కు మరొక పద్ధతిలో ఉంటే, ఈ డిస్కులో వేయడం కుదరదని తెరపై హెచ్చరిక వస్తుంది. అప్పుడు పెన్‌డ్రైవ్‌ను తగిన పద్ధతిలో తిరిగి ప్రారంభించి చూడాలి. తొందరపడినవారు మాత్రం పార్టిషన్లన్నీ తీసివేసి హెచ్చరికను వదిలించుకుంటారు. దానితోపాటు డి కూడా పోతుంది.

ఇంకొన్ని మెలకువలు. డెస్క్‌టాప్, డాక్యుమెంట్స్, డౌన్‌లోడ్స్ అనేవి, మనం ప్రత్యేకించి మార్చుకోకుంటే, సి లోనే ఉంటాయి. విండోస్ సెటప్ జాబితాలో సి, డి అనే అక్షరాలు కనిపించవు. పార్టిషన్ 1, 2, 3 అనే వరుస మాత్రమే కనిపిస్తుంది. కనుక ప్రతి భాగపు కొలతను ముందే కాగితంపై వ్రాసుకొని, దానినిబట్టి గుర్తించాలి. లైనక్స్‌లో హోమ్ భాగం వేరుగా ఉంటే, దానికి ఫార్మాట్ గుర్తు పెట్టకూడదు. బిట్‌లాకర్ తాళం ఉన్న యంత్రంలో 48 అంకెల రికవరీ కీని ముందుగానే భద్రపరచాలి. లేకుంటే డి చెక్కుచెదరకున్నా తెరుచుకోదు. నేటి ఎస్.ఎస్.డి. లలో చెరిగినదాన్ని తిరిగి రాబట్టడం చాలా కష్టం. ప్రతి తీసుకోవడంతోనే పని ముగియదు. దానిని వేరొక యంత్రంలో తెరచి చూడాలి. ఇల్లు అలకగానే పండుగ కాదు.

మన రెండు భాషలకు మరొక చిక్కు ఉంది. ఇన్‌పేజ్‌లో కూర్చిన ఉర్దూ ఫైలు ఆ సాఫ్ట్‌వేర్ లేని యంత్రంలో సరిగా తెరుచుకోదు. యూనికోడ్ కాని పాత తెలుగు ఫాంట్లతో టైపు చేసిన వ్యాసం, ఫాంటు లేకుంటే, పిచ్చి ఇంగ్లీషు అక్షరాలుగా కనిపిస్తుంది. అంటే ఫైలు మిగిలినా భాష మిగలదు. 1927లో మద్రాసులో ప్రారంభమైన ‘ముసల్మాన్’ ఉర్దూ పత్రిక దశాబ్దాల తరబడి కాతిబుల చేతివ్రాతతోనే వెలువడింది. ఆ రోజులలో వ్రాసిన కాగితం ఎక్కడో ఒకచోట మిగిలేది. నేడు ఒక్క మీట నొక్కితే ఏదీ మిగలదు.

“ఇదంతా దుకాణదారు పని, విద్యార్థికెందుకు?” అని కొందరు అంటారు. దుకాణదారుకు యంత్రం తెలుసు. తాతగారి కంఠం విలువ ఆయనకెట్లా తెలుస్తుంది? “క్లౌడ్‌లో పెట్టుకుంటే సరి” అని మరికొందరు అంటారు. మంచిదే. కాని అందరికీ అంత డేటా ఉండదు, ఖాతా పాస్‌వర్డ్ మరచినవారూ ఉన్నారు.

మన ఊరి పొరుగున శ్రీహరికోట ఉంది. 1979 ఆగస్టు 10న ఎస్.ఎల్.వి.-3 తొలి ప్రయోగానికి ముందు కంప్యూటర్ ఆగుమని సూచించిందనీ, నిపుణుల మాటపై తాము ముందుకు సాగామనీ ప్రాజెక్టు డైరెక్టర్ అబ్దుల్ కలాం తరువాత తమ ప్రసంగాలలో చెప్పారు. ఆ వాహనం బంగాళాఖాతంలో పడింది. లోపాలు సరిదిద్దిన పిమ్మట 1980 జూలై 18న రోహిణి కక్ష్యలోకి చేరింది. అంతటివారే హెచ్చరికను దాటి నష్టపోయి నేర్చుకున్నారు. మనకు తెరపై కనిపించే “నిశ్చయమేనా?” అనే ప్రశ్న కూడా అటువంటి హెచ్చరికే. దానిని చదవకుండా ముందుకు నొక్కడం ధైర్యం అనిపించుకోదు.

కళాశాల కమిటీ పెద్దలకు మా మనవి స్వల్పం. గ్రంథాలయంలో ఒక ఎక్స్‌టర్నల్ హార్డ్‌డిస్కు, ఒక రిజిస్టరు ఏర్పాటు చేయండి. యంత్రం తుడిపించదలచిన విద్యార్థి ముందుగా అక్కడ ప్రతి ఉంచి సంతకం చేయాలి. ప్రతి సెమిస్టరులో ఒక మధ్యాహ్నం, కంప్యూటర్ విభాగానికే కాక ఉర్దూ, తెలుగు, చరిత్ర విద్యార్థులకు కూడా ఈ పని చేతితో చేయించి నేర్పించాలి. ఈ వార్షిక సంచిక వ్యాసాలను యూనికోడ్‌లోనూ, పి.డి.ఎఫ్.గానూ రెండు చోట్ల భద్రపరచాలి. ఖర్చు కొద్ది వేల రూపాయలకు మించదు.

ఆ విద్యార్థిని ప్రాజెక్టు నివేదికను పదునైదు దినాలు శ్రమించి తిరిగి వ్రాసింది. ఉర్దూ వ్యాసాలలో రెండు మాత్రమే రచయితల వద్ద దొరికాయి. తాతగారు గత చలికాలంలో పరమపదించారు. ఆ కథలను మరల చెప్పగలవారు లేరు. మరొక ఇంటికి ఈ వ్యథ రాకూడదన్నదే మా ఆకాంక్ష.