వరుసలో పోయిన గంటలకి లెక్క ఎక్కడ?

మన నాందేడ్ జిల్లా నుంచి తెలంగాణలోకి పోవాలంటే దేగ్లూర్ దాటి సలాబత్‌పూర్ మీదుగానో, బిలోలి దాటి సాలూర మీదుగానో పోవచ్చు. 1956 నవంబరు 1కి ముందు ఈ రెండు చోట్లా రాష్ట్ర సరిహద్దు లేదు. అటూ ఇటూ హైదరాబాదు రాష్ట్రమే. తర్వాత సరిహద్దు వచ్చింది, దాంతో చెక్‌పోస్టులు వచ్చాయి, వాటి ముందు బండ్ల వరుసలు వచ్చాయి.

చెక్‌పోస్టులో కట్టిన ప్రతి రూపాయికీ రసీదు ఇస్తారు. మరి అక్కడ ఆగిన గంటకి? అర్ధాపూర్ అరటి లారీ నాలుగు గంటలు ఆగితే కాయ మెత్తబడుతుంది, డ్రైవర్‌కి ఒక ట్రిప్పు తగ్గుతుంది. ఆ నష్టానికి కాగితం ఉండదు. కాగితం లేని నష్టాన్ని ఎవరూ ఒప్పుకోరు. అందుకే నేననేది ఒక్కటే: సరిహద్దులో బండ్లు ఎంతసేపు ఆగాయో సర్కారే రాయాలి, ఎవరూ అడగకుండానే జనానికి చూపించాలి.

ఇది లారీల గొడవ మాత్రమే అనుకోకండి. 2021 మే నెలలో, కరోనా రెండో విడత అప్పుడు, ఆంధ్రప్రదేశ్ నుంచి హైదరాబాద్ ఆసుపత్రులకి వస్తున్న అంబులెన్సులను తెలంగాణ సరిహద్దులో ఆపేశారు. ముందే అనుమతి తీసుకున్నవాళ్లనే వదులుతామన్నారు. మే 14న తెలంగాణ హైకోర్టు ఆ ఉత్తర్వు అమలును నిలిపేసింది. ఏ నాకా దగ్గర ఎన్ని అంబులెన్సులు ఎంతసేపు ఆగాయో గంట గంటకీ రాసి బయట పెట్టి ఉంటే, తప్పు మొదటి రోజే అందరికీ కనబడేది కదా!

"సమాచార హక్కు చట్టం ఉందిగా, అడిగితే ఇస్తారు" అనొచ్చు. నిజమే. 2005 అక్టోబరు 12 నుంచి ఆ చట్టం పూర్తిగా అమల్లో ఉంది. 10 రూపాయలు కట్టి దరఖాస్తు పెడితే 30 రోజుల్లో జవాబివ్వాలి. ప్రాణానికి సంబంధించినదైతే 48 గంటల్లో ఇవ్వాలి. ఎందుకడుగుతున్నావని అధికారి అడగకూడదు. కానీ ఇక్కడ రెండు చిక్కులున్నాయి. ఈరోజు రోడ్డు మీద ఆగిన మనిషికి నెల తర్వాత వచ్చే జవాబుతో పనేముంది? 48 గంటలు కూడా అంబులెన్సులో ఉన్నవాళ్లకి ఎక్కువే. రెండో చిక్కు ఇంకా పెద్దది. ఆఫీసులో ఉన్న సమాచారం ఇవ్వాలి గానీ, లేనిదాన్ని కొత్తగా సేకరించి ఇవ్వాల్సిన పని లేదని సుప్రీంకోర్టు 2011లో సీబీఎస్‌ఈ కేసులో చెప్పింది. అంటే ఆగిన సమయాన్ని ఎవరూ రాయకపోతే, "మా దగ్గర లేదు" అన్న ఒక్క ముక్కతో పని అయిపోతుంది.

కాబట్టి పట్టుకోవాల్సింది ఆ చట్టంలోని 4వ సెక్షన్‌ని. జనం పదే పదే దరఖాస్తు పెట్టే అవసరం రాకుండా, ఆఫీసులే వీలైనంత సమాచారాన్ని ఎప్పటికప్పుడు ప్రకటించాలని అందులో ఉంది. రాసే పద్ధతి కూడా సరిగ్గా ఉండాలి. తూకం చీటీ మీద పడే టైం బండి కాటా ఎక్కాక పడుతుంది. దాని వెనక కిలోమీటరు దూరంలో నిలబడ్డ బండి లెక్కలోకే రాదు. వరుస చివర చేరిన టైం, గేటు దాటిన టైం రెండూ కావాలి. బండి నంబర్లు, మనుషుల పేర్లు అక్కర్లేదు. సగటున ఎంతసేపు, అన్నిటికంటే ఎక్కువ ఎంతసేపు, ఈ రెండు అంకెలు బోర్డు మీద చాలు.

భద్రత దెబ్బతింటుందనే వాదన ఒకటుంది. ఎవర్ని ఎలా తనిఖీ చేస్తారో దాచుకోవచ్చు. రోడ్డు మీద అందరికీ కనబడే వరుసలో రహస్యమేముంది? మెక్సికో, కెనడా సరిహద్దుల్లో ఎంతసేపు ఆగాలో అమెరికా రోజూ ఇంటర్నెట్‌లో పెడుతుంది. మన దేశంలోనే కస్టమ్స్ శాఖ ఓడరేవుల్లో, సరిహద్దు పోస్టుల్లో సరుకు విడుదలకి పట్టే సమయాన్ని కొలిచి నివేదికలు వేస్తోంది. దేశాల మధ్య చేయగలిగింది దేగ్లూర్ దగ్గర ఎందుకు చేయలేం?

"తెలంగాణ 2025లో రవాణా చెక్‌పోస్టులు ఎత్తేసింది, ఇక ఈ గొడవెందుకు?" అని కూడా అడుగుతారు. ఎత్తేయడం మంచిదే. దానివల్ల ఎంత సమయం కలిసొచ్చిందో తేలాలన్నా ముందటి లెక్క కావాలిగా. పోస్టు మూసినా దాని రికార్డులు మూలన పడకూడదు. పైగా ఎన్నికలకీ, రోగాలకీ తాత్కాలిక నాకాలు మళ్లీ మళ్లీ వస్తూనే ఉంటాయి.

ఇందులో మన తెలుగు విభాగానికీ పనుంది. దరఖాస్తు ఇంగ్లీషులో, హిందీలో, లేదా ఆ ప్రాంతపు అధికార భాషలో ఉండాలి. అంటే తెలంగాణ ఆఫీసుకి తెలుగులో రాయొచ్చు, నాందేడ్ ఆఫీసుకి మరాఠీలో రాయొచ్చు. అక్కడి జనం భాషలోనే అడగాలంటే ఒకే రోడ్డు గురించి రెండు భాషల్లో అడగాలన్నమాట. మహారాష్ట్ర నియమాల ప్రకారం దరఖాస్తు ఒకే విషయం మీద, 150 మాటలు దాటకుండా ఉండాలి. క్లాసులో మనం చేసే సంక్షేపం లాంటిదే. తెలుగు ప్రతి మనం రాద్దాం, మరాఠీ విభాగం మిత్రులు రెండోది రాస్తారు. మొదటి ప్రశ్న ఇలా ఉంటే చాలు: "మీ పోస్టు దగ్గర బండ్లు ఆగే సమయాన్ని రాస్తున్నారా? రాస్తుంటే గత సంవత్సరం ప్రతులు ఇవ్వగలరు." లేదని జవాబొస్తే, ఆ జవాబునే ఈ గోడ మీద అంటిద్దాం.