పనికిరాని పని

"వదినా, ఏమీ అనుకోనంటే ఒక మాట" అని మా ఆడపడుచు మొదలుపెట్టిందంటే కచ్చితంగా అనుకోవాల్సిన మాటే వస్తుంది. ఇరవై రెండేళ్ళ అనుభవం నాది. పోయిన నెల రెండో ఆదివారం భోజనాలయ్యాక, మా చినమామగారి కుటుంబమంతా హాల్లో కూర్చునుండగా అంది: "ఈ వయసులో చిన్నపిల్లల్లాగ స్టాంపులేంటి వదినా? అంత టైముంటే మగ్గం వర్క్ నేర్చుకోకూడదూ? దిల్‌సుఖ్‌నగర్‌లో జాకెట్టుకి వేలల్లో తీసుకుంటున్నారు."

అప్పుడు నవ్వి ఊరుకున్నాను. జవాబు ఇక్కడ రాస్తున్నాను. తను ఇవన్నీ చదువుతుందిలెండి.

ముందు ఆ రోజు నేను చేసిన నేరమేంటో చెప్పాలి. మేముండేది కొత్తపేటలో. ఎల్బీనగర్‌లో ఒకరింటి మేడమీది గదిలో మా స్టాంపుల క్లబ్బు నెలకోసారి కలుస్తుంది. రెండో ఆదివారం, పొద్దున పదింటి నుంచి ఒంటిగంట దాకా. ఆ నెల పేజీలు చూపించే వంతు నాది. చుట్టాలొస్తున్నారని గురువారం తెలిసింది. ఆదివారం తెల్లారకుండానే లేచి పులిహోర కలిపి, పెరుగు పచ్చడి చేసి, "కూరలు కర్రీ పాయింట్ నుంచి తెచ్చేయండి" అని మావారికి చెప్పి, ఆల్బం సంచి భుజాన వేసుకుని వెళ్ళిపోయాను. తిరిగొచ్చేసరికి అందరూ తినేసి కూర్చున్నారు. గుత్తివంకాయలో నూనె ఎక్కువైందట. జరిగిన నష్టం అదీ.

ఆడవాళ్ళకి సరదాలు వద్దని ఇప్పుడెవరూ అనరు. ముగ్గులు వెయ్యి, అల్లికలు అల్లు, ఊరగాయలు పెట్టు, కేకులు చెయ్యి, యూట్యూబ్‌లో వంటల చానెల్ పెట్టు. అందరూ మెచ్చుకుంటారు. కానీ గమనించారా, వాటిలో ప్రతిదాని చివరా ఇంటికి ఏదో ఒకటి ముట్టాలి. వాకిలికి అందమో, కంచంలోకి పచ్చడో, చేతిలోకి నాలుగు డబ్బులో. మనం సరదాపడుతున్నా సరే, ఆ సరదాకి కూలి ఇంటికే దక్కాలి. మావారు ఆదివారం పొద్దుగూకేదాకా క్రికెట్ చూస్తే దాంతో ఇంటికేం వస్తుందని ఇంతవరకూ ఏ ఆడపడుచూ అడగలేదు. అది రెస్టు. నాది టైం వేస్టు.

నన్ను వెనకేసుకొచ్చేవాళ్ళతో ఇంకో తంటా. "అలా అనకండి, రేపు వాటికి లక్షలొస్తాయి" అంటారు. రావు. స్వాతంత్ర్యం వచ్చాక మన దేశంలో వేసిన స్మారక స్టాంపులు చాలావరకు లక్షల్లో అచ్చయ్యాయి. నా ఆల్బం మొత్తం అమ్మినా ఒక మంచి పట్టుచీర రాదు. ఇంకొందరు "పిల్లలకి జనరల్ నాలెడ్జి" అంటారు. నిజమే, తపాలా శాఖ 2017లో దీన్ దయాళ్ స్పర్శ్ అని ఒక స్కాలర్‌షిప్ పెట్టింది. స్టాంపులు సేకరించే ఆరు నుంచి తొమ్మిదో తరగతి పిల్లల్లో ఎంపికైనవాళ్ళకి ఏడాదికి 6,000 రూపాయలు. మంచి పనే. కానీ మా అబ్బాయి ఇంజనీరింగులో ఉన్నాడు, వాడికి ఇన్‌లాండ్ లెటర్ మడవడం కూడా రాదు. వాడి కోసమని చెప్పి నేనెందుకు దొంగచాటుగా సంతోషపడాలి? బీపీ తగ్గుతుందని కూడా ఒకావిడ అంది. తగ్గితే తగ్గనీ, నేను బీపీ కోసం చెయ్యట్లేదు.

మరెందుకంటారా? నిజాం కాలం నాటి స్టాంపొకటి భూతద్దం కింద పెట్టి చూడండి. హైదరాబాద్ సంస్థానానికి సొంత తపాలా ఉండేది, 1869 నుంచీ సొంత స్టాంపులు. 1871లో మొదలైన వరసలో ఆ కాస్త కాగితం ముక్క మీదే ఉర్దూ లిపి, ఇంగ్లీషు, మరాఠీ, వాటి పక్కన మన తెలుగు! గోరంత చోటులో ఒదిగి కూర్చున్న తెలుగక్షరాలు. బీఏ తెలుగు చదివి ఏం ఒరగబెట్టావని అడిగేవాళ్ళుంటారుగా, అవి మొదటిసారి కూడబలుక్కుని చదివిన సాయంత్రం నాకు ఒరిగింది. పాలు పొంగిపోయాయి, అది వేరే సంగతి.

తర్వాత 1931 వరస. ఒక అణా మీద చార్మినార్, రెండణాల మీద మూసీ ఒడ్డు హైకోర్టు, నాలుగణాల మీద మన గండిపేట చెరువు. 1937లో ఉస్మానియా ఆసుపత్రి కూడా స్టాంపెక్కింది. ఇప్పుడు మెట్రోలో అబిడ్స్ జీపీఓ వైపు వెళ్ళేటప్పుడు మూసీ దాటుతుంటే అందరూ ఫోన్లు చూసుకుంటారు, నేను మాత్రం ఆ గుమ్మటాల కోసం కిటికీకి అతుక్కుపోతాను. అన్నట్టు మాకు దగ్గరి స్టేషన్ విక్టోరియా మెమోరియల్. సరూర్‌నగర్‌లో ఆ రాణి పేరు మీద కట్టిన అనాథాశ్రమం వల్ల వచ్చిన పేరు. 1840లో ప్రపంచంలో మొట్టమొదటి తపాలా స్టాంపు మీదున్న బొమ్మ ఆవిడదే. లాల్ బహదూర్ శాస్త్రి స్టాంపు 1966లో, ఆయన పోయిన నెలలోనే వచ్చింది. ఎక్కేది ఒక స్టాంపు దగ్గర, దిగేది ఇంకో స్టాంపు దగ్గర. ఒక్క స్టేషన్ దూరానికి ఇంత వినోదం ఇంకెక్కడ దొరుకుతుంది?

నిజానికి ఇది నాకు నలభైల్లో పుట్టిన పిచ్చి కాదు. నల్లగొండలో మా ఇంట్లో ఆల్బం ఉండేది. అన్నయ్యది. నాన్న కొనిచ్చింది వాడికే. గోరువెచ్చటి నీళ్ళలో కవర్ ముక్కలు నానబెట్టడం, కాగితం తనంతట తను వదిలేదాకా ఆగడం, పాత పేపరు మీద బోర్లా పరిచి ఆరబెట్టడం నా పని. ఎర్ర కవర్లు విడిగా నానెయ్యాలి, రంగు దిగుతుంది, అచ్చం మన బట్టల్లాగే. అన్నీ అయ్యాక అన్నయ్య వచ్చి దర్జాగా అంటించుకునేవాడు. వాడికి మోజు తీరిపోయాక ఆ ఆల్బం టెన్త్ గైడ్లతో కలిపి పాత పేపర్లవాడి తక్కెడలోకి పోయింది. నాకు పెళ్ళయిన రెండేళ్ళకి అడిగితే, "నువ్వు వెళ్ళిపోయావుగా, నీకెందుకే అవి" అంది అమ్మ. అప్పుడు నేనేమీ అనలేదు. ఇప్పటికీ పాత పేపర్ల బండి అరుపు వినబడితే ఒక్క క్షణం చెయ్యి ఆగుతుంది.

క్లబ్బు కూడా మొదట్లో ఏమీ ఎర్ర తివాచీ పరవలేదు. పదిహేను మంది మగవాళ్ళు, ఎక్కువమంది బ్యాంకుల్లోనూ పోస్టాఫీసుల్లోనూ పనిచేసి రిటైరైనవాళ్ళు. "బాబు కోసమా అమ్మా?" అన్నారు. నాకే అంటే, ఒక నిమిషం ఎవరికీ మాట రాలేదు. ఇప్పుడు ముగ్గురం ఆడవాళ్ళం. అక్కడ నన్ను ఫలానావారి భార్యగా, ఫలానావాడి అమ్మగా ఎవరూ ఎరగరు. "మేడమ్, మీ దగ్గర సరోజినీ నాయుడు 1964ది డూప్లికేట్ ఉందా?" అంటారు. ఉంటే ఇస్తాను, బదులు ఇంకోటి తెచ్చుకుంటాను. టీ మాత్రం మేం పెట్టం. మొదటి నెల ఒకాయన నా వైపు చూశాడు. నేను కిటికీలోంచి చూస్తూ కూర్చున్నాను. అప్పట్నుంచీ కింద హోటల్ నుంచి ఫ్లాస్కులో వస్తోంది.

మా ఆడపడుచు గురించి ఒక మాట చెప్పకపోతే అన్యాయం. తను స్కూల్లో ఉన్నప్పుడు చెస్ ఆడేది. జిల్లా పోటీల దాకా వెళ్ళింది. ఆ కప్పు మా అత్తగారి పూజగది పైఅరలో ఇప్పటికీ ఉంది, అందులో వత్తులు పెట్టుకుంటారు. ఎందుకు మానేశావని ఒకసారి అడిగాను. "ఏముంది వదినా, దాంతో ఏం పనికొస్తుంది" అంది. మగ్గం వర్క్ మాట నాకు చెప్పేముందు ఎవరో తనకి చెప్పారు. అందుకే ఆ రోజు కోపం రాలేదు. వచ్చింది, కానీ తన మీద కాదు.

సరే, నేను చూపించిన పేజీల సంగతి. ప్రదర్శనల్లో ఒక ఫ్రేముకి 16 పేజీలు పడతాయి. నాది "స్టాంపుల మీద స్త్రీలు". విక్టోరియాతో మొదలై, 1952లో మన మీరాబాయి, ఆ తర్వాత సరోజినీ నాయుడు, చివర్లో 2011 నాటి సావిత్రి, 2013 భానుమతి. మధ్యలో ఒక పేజీలో ఒక గడి ఖాళీ. 1982లో వచ్చిన దుర్గాబాయి దేశ్‌ముఖ్. ఎంతోమంది ఆడపిల్లలకి చదువు చెప్పించిన ఆవిడ నా దగ్గర లేకపోవడం నాకే సిగ్గుగా ఉంది. కొనుక్కోవచ్చు, పెద్ద ఖరీదేం కాదు. కానీ నాకు వాడిన స్టాంపు కావాలి, మన ఊళ్ళ పోస్టాఫీసు ముద్ర పడింది.

మీ పుట్టింటి అటకల మీద పాత ఉత్తరాల కట్టలుంటే ఒకసారి దింపి చూడండి. దొరికితే మాత్రం స్టాంపు పీకకండి, చుట్టూ కత్తిరించనూ వద్దు. ముద్ర కనిపిస్తుంటే కవర్ మొత్తం అలాగే ఉంచి నాకో మాట చెప్పండి. రెండో ఆదివారం తప్ప ఎప్పుడైనా వచ్చి తీసుకుంటాను.